మూత తిప్పిన చెయ్యి

ఆ వీధిలో ఆయన్ని అందరూ "బావ" అనే పిలుస్తారు. పాలవాడికీ బావే, బట్టలు కుట్టే ఆవిడకీ బావే, ఆయనకంటే బాగా పెద్దవాడైన మంగలికీ బావే. దీనంతటికీ కారణం ఆయన బావమరిది. వాడు చదువు అబ్బక అక్క ఇంటికి వచ్చిపడి, బావ హోటల్ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, "బావా, చేపలొచ్చాయి! బావా, పొయ్యి ఆరిపోయింది!" అని వీధి చివరిదాకా వినబడేలా అరిచేవాడు. విని విని వీధంతా ఆ పిలుపే పట్టుకుంది. అప్పట్లో ఆయనకి అది ముద్దుగానే ఉండేది.

హోటల్ ఆయన కష్టార్జితం. పరాయి వంటిళ్లలో అంట్లు తోమి, పొగ మింగి, చీవాట్లు తిని, చివరికి సొంత పొయ్యి వెలిగించుకున్నాడు. గోడవారగా కొన్ని బల్లలు, కిటికీవారగా కొన్ని. వంటింట్లో ఆయన, ఆయన భార్య. ఎముకల సూపుకి ఆ హోటల్ పెట్టింది పేరు. ఆయన చేతి ఉప్పుకి తిరుగులేదని గిట్టనివాళ్లు కూడా ఒప్పుకునేవారు.

ఆ వంటింట్లో ఒక పద్ధతి ఉండేది. గిన్నెలో ఉప్పు వేసినవాళ్లు దాని మూత తిరగేసి, పిడి కిందికి వచ్చేలా పెట్టాలి. ఒకనాడు మొగుడొక గుప్పెడు, అది తెలియక పెళ్లామొక గుప్పెడు వేసి సూపుని సముద్రం చేశాక పెట్టుకున్న పద్ధతి అది. మూత తిరగేసి ఉందంటే ఉప్పు పడిందన్నమాటే. ఇక ఎవరూ రుచి చూసేవాళ్లు కాదు. మనుషులు అబద్ధమాడతారేమో గానీ మూత ఆడదని ఆ ముగ్గురి నమ్మకం.

బావమరిది ఎదిగాడు. ఎదిగితే ఎదిగాడు, ఇంకెక్కడైనా ఎదగొచ్చుగా! రెండు వీధుల అవతల అద్దాల తలుపులు పెట్టి సొంత హోటల్ తెరిచాడు. బావ చేతే రిబ్బన్ కత్తిరింపించాడు. బావ నవ్వుతూ ఫొటో దిగాడు, ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా పడుకున్నాడు. అది చాలదన్నట్టు, వాడు టీవీ వంటల పోటీకి ఎంపికయ్యాడు.

ఇక్కడ ఒక గుట్టు విప్పాలి. అదే పోటీకి అంతకుముందు బావ కూడా వెళ్లాడు. ఎవరికీ చెప్పకుండా, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన సూపు క్యారియర్‌లో పట్టుకుని మరీ వెళ్లాడు. రుచి బాగానే ఉంది గానీ మనిషికి మాటలు రావడం లేదని మొదటి వడపోతలోనే పంపేశారు. ఎక్కడికెళ్లారని భార్య అడిగితే పళ్ల డాక్టర్ దగ్గరికన్నాడు. ఆ అబద్ధానికి కట్టుబడి వారమంతా గట్టివేవీ నమలకుండా గడిపాడు, పాపం.

అలాంటిది ఇప్పుడు బావమరిది వారం వారం టీవీలో వెలిగిపోతున్నాడు. హోటల్‌కి వచ్చినవాళ్లు సూపు చల్లారుతున్నా పట్టించుకోకుండా తలలెత్తి టీవీ చూస్తున్నారు. "ఆ టీవీ ఆయన బావ మీరేనా?" అని అడుగుతున్నారు. పిలుపు పాతదే. ఇప్పుడు మాత్రం పుండు మీద కారం చల్లినట్టుంది.

"చూడండి, మా తమ్ముడు ఎంత సన్నగా తరుగుతున్నాడో!" అని భార్య మురిసిపోయేది.

"నేర్పిందెవరో?"

"మీరే లెండి. ఎవరు కాదన్నారు?" అనేది ఆవిడ, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

వాడు ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే ఈయనకి ఇక్కడ కాలేది. పైకి "భేష్" అనేవాడు, లోపల పళ్లు నూరేవాడు. వాడికి జ్వరమో జలుబో వస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. అలా అనుకున్న రోజు మళ్లీ తనే భయపడి, జలుబుకి మంచివని వాడికి నిమ్మకాయలు పంపించాడు.

వాడు ఫైనల్‌కి వచ్చాడు. ఒకరోజు పొద్దున్నే బావమరిది పాత హోటల్ వంటింట్లోకి వచ్చి, తన పాత చోట్లో, బోర్లించిన పళ్లబుట్ట మీద చతికిలబడ్డాడు.

"బావా, ఫైనల్‌కి సాయంగా ఒక మనిషిని తెచ్చుకోమన్నారు. నువ్వు రావాలి."

"నీ హోటల్లో అంతమంది వంటవాళ్లున్నారుగా."

"ఉంటే? నువ్వు పక్కనుంటే నాకు చెయ్యి వణకదు బావా."

"వెళ్లండి. కాదంటే వాడు చిన్నబుచ్చుకుంటాడు," అంది భార్య. ఈయన చిన్నబుచ్చుకోవడం గురించి ఎవరూ అడగలేదు.

స్టూడియోలో పగలు కూడా దీపాలే. వాడి తెల్లకోటు మీద పేరు కుట్టి ఉంది. ఈయన కోటు మీద "సహాయకుడు" అని ఉంది. కార్యక్రమం నేరుగా ప్రసారమవుతోంది. ముఖానికి మెరుపులద్దుకున్న యాంకరమ్మ వాడి ముందు మైకు పెట్టి, "వంట ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని అడిగింది.

"మా అక్క దగ్గరండీ. నన్ను చేరదీసింది ఆవిడే."

జనం చప్పట్లు కొట్టారు. బావ కూడా కొట్టాడు. ఇన్నేళ్లు తన ఉప్పు తిన్నవాడికి తన మాటే గుర్తురాలేదు! పైగా పొయ్యి మీద ఉడుకుతున్నది తన ఎముకల సూపే.

వాడు చేప కాలుస్తూ, తల తిప్పకుండానే కేకేశాడు. "బావా, సూపుకి ఉప్పు నువ్వే వెయ్యి!"

బావ ఉప్పు పిడికిట్లోకి తీసుకున్నాడు. అప్పుడే కెమెరా పట్టుకున్నవాడు వచ్చి, "కొంచెం పక్కకి జరుగుతారా? మీరు అడ్డమొస్తే సార్ కనబడటం లేదు," అన్నాడు. బావ జరిగాడు. పిడికిలి తెరిచి ఉప్పుని మళ్లీ ఉప్పు గిన్నెలోనే వదిలేశాడు. సూపు మూత తీసి, తిరగేసి పెట్టాడు.

చెయ్యి దానంతట అదే చేసిందని చెప్పుకోవచ్చు. కానీ ఆ మూతని సరిచెయ్యడానికి కావలసినంత సమయం ఉంది. చివరి నిమిషం గంట మోగేదాకా ఆయన తుడిచిన బల్లనే తుడుస్తూ నిలబడ్డాడు.

చివరి నిమిషంలో బావమరిది పరుగున వచ్చాడు. మూత చూశాడు, బావని చూసి నవ్వాడు, సూపు గిన్నెల్లోకి వంచేశాడు.

జడ్జీల్లో పెద్దావిడ ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. "ఇందులో ఉప్పే లేదు. వడ్డించే ముందు రుచి చూడలేదా?"

వాడు తెల్లబోయాడు. మూత వంక చూశాడు. "లేదండీ. వంటంతా అక్క నేర్పింది గానీ, ఉప్పు మాత్రం మా బావదే. ఆయన మూత తిరగేస్తే నేను ఎప్పుడూ రుచి చూడలేదు. అంత నమ్మకం." బావ వైపు చూసి, "హడావుడిలో మూత నేనే తిప్పేసి ఉంటాను. తప్పు నాదేనండీ," అన్నాడు.

ఆ రోజు మొట్టమొదటిసారి కెమెరా బావ ముఖం మీదికి తిరిగింది. ఆయన తల దించుకున్నాడు.

బహుమతి ఇంకెవరికో వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు కారులో వాడే ఈయన్ని ఓదార్చాడు. "నువ్వు బాధపడకు బావా. అనవసరంగా పొద్దుట్నుంచీ నిన్ను నిలబెట్టేశాను," అని, కాసేపటికి ఈయన భుజం మీదే తల వాల్చి నిద్రపోయాడు. వాడు ఓడితే సంతోషంగా ఉంటుందనుకున్నాడు బావ. ఆ సంతోషం కోసం దారంతా వెతుక్కున్నాడు. భుజం నొప్పెట్టింది గానీ కదపలేదు.

మర్నాడు పొద్దున వంటింట్లోకి వచ్చేసరికి భార్య అప్పటికే క్యారెట్లు తరుగుతోంది. టీవీ ఊసెత్తలేదు. ఆయన సూపుకి జాగ్రత్తగా ఉప్పు వేసి, కలిపి, మూత తిరగేసి పెట్టాడు.

"నిన్న..." అని గొంతు సవరించుకున్నాడు.

"చూశానండీ. వాడు చివరిదాకా చేప దగ్గరే ఉన్నాడు. వడ్డించేదాకా ఆ గిన్నె దగ్గరికి రానేలేదు," అంది ఆవిడ.

ఆవిడ కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, పొయ్యి దగ్గరికొచ్చింది. తిరగేసిన మూత ఎత్తి, గరిటెతో కాస్త సూపు తీసి అరచేతిలో వేసుకుని నాకి చూసింది. ఆ పద్ధతి పెట్టుకున్నాక ఆ వంటింట్లో అలా జరగడం అదే మొదలు.

"సరిపోయింది," అని, మూతని పిడి పైకి వచ్చేలా పెట్టేసి, మళ్లీ వెళ్లి క్యారెట్లు తరగడం మొదలుపెట్టింది.