విరామానికి ముందే చచ్చిన హీరో

చండూరు పద్మశాలి వాడలో ఎవరినడిగినా వసంతలక్ష్మి నెమ్మదస్తురాలనే చెబుతారు. నిజమే, నెమ్మదస్తురాలే. ఒకే మనిషి మీద ముప్పై ఆరేళ్లు పగ పెట్టుకొని, ఆ మనిషి ఇంటికే ప్రతి పండక్కీ గారెలు పంపిన ఆడమనిషిని నెమ్మదస్తురాలు అనక మరేమంటారు? ఆ మనిషి పేరు నరహరి. ఆమె భర్త పరమేశ్వర్‌కు చిన్నాన్న కొడుకు, అంటే ఆమెకు మరిది.

ఎనభై రెండులో ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. మగ్గం గుంటలో కూర్చున్నదంటే పొద్దు గూకేదాకా లేచేది కాదు. చేతులకూ కాళ్లకూ పని ఉంది గానీ చెవులు ఖాళీయే కదా. గుంజకు మేకు కొట్టి, అన్న కొనిచ్చిన రేడియో దానికి తగిలించుకుంది. పొద్దున విజయవాడ, మధ్యాహ్నం సిలోను, సాయంత్రం హైదరాబాదు. పాటకు ముందు నాలుగు ముక్కలు చెబుతారు చూడండి, ఏ సినిమా, ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, ఎవరు పాడారు అని, అవి ఒక్కసారి చెవిన పడితే ఇక పోయేవి కావు. నేతకు ముందే పోగులకు రంగులద్ది నేసే చిటికి చీరవాళ్లకు ఏ పోగు మీద ఏ రంగు ఎక్కడ పడాలో తలలోనే ఉంటుంది. ఆమె తలలో ఆ పోగుల పక్కనే ఇవీ ఉండేవి. టాకీసులో విరామంలో అమ్మే పాటల పుస్తకాలు, కిరాణా కొట్టువాడు బెల్లం చుట్టి ఇచ్చిన సినిమా పత్రికల కాగితాలు, ఏదీ వదిలేది కాదు. ఏ హీరోయిన్‌కు ఎవరు గొంతు అరువిచ్చారో, ఏ సినిమా ఏ ఊళ్లో ఎన్ని రోజులు ఆడిందో ఆమె నేస్తూ చెబుతుంటే ఆడవాళ్లు కండెలు చుట్టడం ఆపేసి వినేవారు.

ఎనభై ఏడులో రేడియోలో సినిమా ప్రశ్నల కార్యక్రమం ఒకటి మొదలైంది. ఆదివారం ఐదు ప్రశ్నలు అడుగుతారు. జవాబులు కార్డు మీద రాసి పంపాలి. అన్నీ సరిగ్గా రాసినవాళ్లలో ఒకరి పేరు, ఊరితో సహా, పై ఆదివారం చదువుతారు. బహుమతి ఏమీ లేదు, పేరు చదవడమే బహుమతి. వసంతలక్ష్మికి ఐదు ప్రశ్నలూ నీళ్లు తాగినంత సులువు. కానీ ఆమె అక్షరాలు కూడబలుక్కుని రాస్తుంది. నరహరి దస్తూరి బాగుంటుంది. నల్లగొండలో డిగ్రీ చదువుతూ ఆదివారాలు ఇంటికి వచ్చేవాడు. ఆమె నేస్తూ చెబితే అతడు మగ్గం గట్టున కూర్చొని రాసేవాడు. కింద నా పేరు రాయి మరిదీ అని మొదటి రోజే చెప్పింది. రాశానన్నాడు.

మూడో వారం రేడియో పలికింది. ఐదుకు ఐదూ సరిగ్గా రాసిన శ్రోత, నల్లగొండ జిల్లా చండూరు నుంచి నరహరి అని. వసంతలక్ష్మి చేతిలో పోగు నడిపే నాడె ఆగిపోయింది.

సాయంత్రం అతడే వచ్చాడు. అప్పటికే వాడంతా అతణ్ని నెత్తిన పెట్టుకుంది. ముఖంలో సిగ్గన్నది లేదు, పైగా మేలు చేసినవాడి ధోరణి.

"ఆడమనిషి పేరు రేడియోల వస్తే నలుగురు నాలుగు తీర్ల అనుకుంటరు వదినా. నీ మంచికే నా పేరు రాసిన."

పరమేశ్వర్ పక్కనే ఉండి తలూపాడు. భర్తను ఆమె తర్వాత తర్వాత క్షమించింది. ఆయన పోయి పుష్కరం కావస్తోంది, ఇప్పుడు ఆ తలూపిన సంగతి తలచుకోదు కూడా. నరహరిని మాత్రం క్షమించలేదు. ఆ సాయంత్రం ఆమెకు ఒళ్లు భగ్గుమంది. ఆమె అడిగింది ఎంతని? ఒక్క ఆదివారం, ఒక్కసారి, తన పేరు రేడియోలో వినాలనుకుంది. అది కూడా మగవాడు ఎత్తుకుపోయి, నీ మంచికే అని చెప్పి పోయాడు.

అలిగి జవాబులు చెప్పడం మానేయొచ్చు. మానేస్తే ఏమవుతుంది? నరహరి గెలిచాడు, చదువు ఎక్కువై రాయడం మానేశాడు అంటారు, కథ అక్కడితో ముగుస్తుంది. వసంతలక్ష్మి మానలేదు. పై ఆదివారం పిలిచి మరీ చెప్పింది. ఆ పై ఆదివారమూ చెప్పింది. వీడు ఎక్కవలసినంత ఎత్తు ఎక్కనీ, అప్పుడు చూద్దాం అనుకుంది.

ఎనభై తొమ్మిదిలో అదను దొరికింది. ఆఖరు పరీక్షలకని నరహరి నెల రోజులు నల్లగొండలోనే ఉండిపోయాడు. ఆ నెలలో ఊరి టాకీసులో ఒక పెద్ద హీరో సినిమా వచ్చి ఆడి వెళ్లింది. తిరిగి రాగానే, నేను లేనప్పుడు ఏం విశేషాలు వదినా అని అడిగాడు. ఆమె నాడె విసురుతూనే, తల ఎత్తకుండా, ఒక ముచ్చట అల్లింది.

ఆ రోజుల్లో ఒకే ప్రింటుతో రెండూళ్లు నెట్టుకొచ్చేవారు. పక్క ఊళ్లో పొద్దుటి ఆట అయ్యాక రీళ్ల డబ్బాలు సైకిల్ మీద ఇక్కడికి వచ్చేవి. మొదటి రోజు దారిలో సైకిల్ పడి డబ్బాలు తారుమారయ్యాయట. ఆపరేటర్ బషీర్ చూసుకోకుండా ఆరో రీలు బదులు పద్నాలుగోది ఎక్కించాడట. హీరో విరామానికి ముందే తల్లి ఒళ్లో ప్రాణాలు వదిలాడట. ఆడవాళ్లు బావురుమంటుంటే, ఏడో రీలులో అదే హీరో తెల్లబూట్లు వేసుకొని హీరోయిన్‌తో వానలో గంతులేశాడట. చచ్చినవాడు లేచొచ్చాడని జనం ఈలలతో హాలు ఎగరగొట్టారట. మర్నాడు రీళ్లు సరిచేసి వేస్తే ఇదేం సినిమా, నిన్నటి లెక్కనే వేయమని తెర ముందు బైఠాయించారట. వారమంతా అట్లాగే ఆడిందట.

అంతా అబద్ధం. ఆ సినిమా బుద్ధిగా మొదటి రీలు నుంచి చివరి రీలు దాకా వరసగా ఆడింది. ఆమె యాదమ్మ పక్కన కూర్చొని చూసింది కూడా. యాదమ్మ పొరుగింటి మనిషి, ఆమె ఈడుదే.

నాలుగు రోజులు తిరగకముందే చాయ్ హోటల్లో నరహరి ఆ ముచ్చట చెబుతున్నాడని తెలిసింది. విన్నానని కాదు, చూశానని చెబుతున్నాడు. నేల టికెట్లో ముందు వరసలో కూర్చున్నాడట, పక్కనున్న ముసలమ్మను తనే ఓదార్చాడట. ముచ్చట అంత బాగుంటే కాదనేదెవరు? వసంతలక్ష్మి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

తర్వాత అతడి దశ తిరిగింది. వీడియో సెంటర్ పెట్టాడు, కేబుల్‌లో సినిమా క్విజ్ నడిపాడు. తెలంగాణ వచ్చాక మన యాసకూ మన ఊళ్ల ముచ్చట్లకూ గిరాకీ పెరిగింది. నరహరి ఫోన్ కెమెరా ముందు కూర్చొని పాతకాలం సంగతులు చెప్పడం మొదలుపెడితే ముంబైలో, దుబాయిలో ఉన్న పాలమూరు, నల్లగొండ వాళ్లంతా వినసాగారు. ఏది చెప్పినా నేను అప్పుడే గమనించిన, నేను అప్పుడే చెప్పిన అనేవాడు. తట్టకపోతే వదినకు ఫోన్. ఆమె చెప్పేది. అన్నీ నిజాలే చెప్పేది. తప్పు చెప్పడం ఆమెకు చేతకాదు, ఆ ఒక్కసారి తప్ప. అందరూ ఎక్కువగా అడిగేది మాత్రం ఆ ఒక్కదాన్నే. విరామానికి ముందే చచ్చిన హీరో ముచ్చట లేకుండా నరహరి ఏ సభలోనూ మైకు వదల్లేదు.

రెండు వేల ఇరవై మూడులో అవన్నీ పుస్తకం చేశాడు. ఊరి ఫంక్షన్ హాల్లో ఆవిష్కరణ, సన్మానం. కప్పడానికి చిటికి శాలువా కావాలని నిర్వాహకులు వచ్చి వసంతలక్ష్మికే పురమాయించారు. చుట్టరికం ఉంది కాబట్టి కప్పేది కూడా మీరే కావాలన్నారు. పుస్తకం ఒకటి ఇచ్చి వెళ్లారు. ఆమె మొదట కృతజ్ఞతల పేజీ తీసి, వేలు పెట్టి చదివింది. అందులో చాయ్ హోటల్ ఉంది, అచ్చు వేసినవాళ్లున్నారు, కేబుల్ తీగలు లాగినవాళ్లున్నారు. చివర, మా ఇంట్లో మగ్గం గుంజకు వేలాడిన రేడియోయే నా తొలి గురువు అని ఉంది. రేడియోకు దండం పెట్టాడు. ఆ రేడియో కింద కూర్చున్న మనిషికి మాత్రం ఒక ముక్క లేదు. వసంతలక్ష్మి పుస్తకం మూసి, వీడు ఎక్కిన ఎత్తు ఇక సరిపోయింది అనుకుంది.

సన్మానం రోజు హాలు నిండిపోయింది. బషీర్‌ను కూడా ముందు వరసలో కూర్చోబెట్టారు. టాకీసు మూతపడి ఇరవై ఏళ్లయింది, ఆయనకు చూపు మందగించింది. ఆమెకు కావలసిన సాక్షి ఆయనే. శాలువా పట్టుకొని వేదిక ఎక్కింది. వదినగా రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. ఇంతకాలానికి చేతికొచ్చిన మైకు.

"హీరో ముందే చచ్చిన ముచ్చట పుస్తకంల ఉన్నది. గది జరగనే లేదు. నేను మగ్గం మీద కూసోని పుట్టిచ్చిన. నరహరి ఆ నెల ఊళ్లెనే లేడు. గీ పుస్తకంల ఉన్నయన్ని నేను చెప్పినయే."

హాలంతా నవ్వింది. యాదమ్మ లేచి నిలబడింది. మతి పోయిందా వసంతా, మనిద్దరం పక్కపక్కన కూర్చొని చూడలేదా, నేను కొంగు తడిసేదాకా ఏడ్వలేదా అన్నది. ఆమె అబద్ధమాడటం లేదు. కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. వెనక వరసలో ఒకాయన ఆ రోజు వాన పడిందన్నాడు, ఇంకొకాయన ఎండలు మండుతుండెనన్నాడు. చూశామన్నవాళ్లే అందరూ. ఆ రోజుకు పుట్టనివాళ్లు కూడా ఇద్దరు చూశామన్నారు. వసంతలక్ష్మి బషీర్ వైపు తిరిగి, అన్నా నువ్వు చెప్పు, నీ చేతుల మీద అట్ల జరిగిందా అని అడిగింది.

బషీర్ నిదానంగా లేచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు ఆయన ముఖం వెలిగింది.

"జరిగింది చెల్లె. జర చూసుకోలే, పద్నాలుగో రీలు ఏసిన. తప్పు నాదే."

వసంతలక్ష్మి మైకు కిందికి దించింది. లేనిదాన్ని తను పుట్టిస్తే ఊరు దాన్ని పెంచి పెద్ద చేసి, ఇప్పుడు కన్నతల్లినే కాదు పొమ్మంటోంది. నరహరి చల్లగా నవ్వి, ఆమె చేతిలోంచి మైకు తీసుకున్నాడు. మా వదినకు వయసు మీద పడ్డది, యాది తప్పుతాంది, ఏమనుకోకుండ్రి అన్నాడు. అందరూ అయ్యో పాపం అన్నారు. ఆ అయ్యో పాపం ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. ఏడుపు రాలేదు. కోపం ఎంత ముదిరిందంటే, బుర్ర చల్లగా పనిచేయసాగింది.

శాలువా విప్పి అతడి భుజాల మీద కప్పుతూ, ఫోటో కోసం దగ్గరగా నిలబడి, అతడి చెవిలో మాత్రమే పడేలా చెప్పింది.

"గది ఊరి ముచ్చట గాబట్టి ఊరు కాపాడుకున్నది. పుస్తకంల ఇంక పదకొండు తప్పులు పెట్టిన నేను. ఏండ్లు, పాడినోళ్ల పేర్లు, రాసినోళ్ల పేర్లు. గవి తెలిసినోళ్లు దేశంల శానమంది ఉంటరు. దేవులాడుకో."

ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. అందులో అందరూ నవ్వుతున్నారు, నరహరి తప్ప.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. ఏవి వదినా, ఆ పదకొండు చెప్పు, పుస్తకాలు పంచకముందే దిద్దుకుంటా అన్నాడు. ఆమె నూలు ఆసు పోస్తూ తల ఎత్తలేదు.

"యాదికొస్తలేదు. వయసు మీద పడ్డది గద."

పదిహేను రోజులు అతడి ఫోన్ కార్యక్రమం ఆగిపోయింది. ఫోన్‌లో వెతికితే ఒక చోట ఒక సంవత్సరం, ఇంకో చోట ఇంకో సంవత్సరం. పాడింది ఫలానా ఆమె అని ఒకరంటే కాదని ఇంకొకరు కొట్లాట. ప్రతి వాక్యమూ అతడికి అనుమానంగానే కనిపించింది. తన సొంత జ్ఞాపకం ఒక్కటైనా ఉంటే దాన్ని పట్టుకొని నిలబడేవాడు, అది లేదు. చివరికి ఒక ఉపాయం తట్టింది. పుస్తకం ముందు పెట్టుకొని, పేజీ పేజీ చదువుతూ, తప్పు బయటపడితే తన మీదికి రాకుండా ప్రతి సంగతికీ ముందు ఒక మాట చేర్చసాగాడు. ఇది నా మాట గాదు, మా వదిన వసంతలక్ష్మి చెప్పింది, తప్పుంటే ఆమెనే అడగాలె అని.

ఫోన్‌లో ఆ మాట వినబడినప్పుడు వసంతలక్ష్మి చేతిపని పక్కన పెట్టింది. వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. వాడు అన్నది నింద మోపడానికేనని ఆమెకు తెలుసు. మోపనీ. ఆ రోజు కార్యక్రమంలో తన పేరు తొమ్మిదిసార్లు వచ్చింది. లెక్కపెట్టింది. వీడియో కింద ఎవరో రాశారు, అన్నీ వసంతలక్ష్మమ్మ చెప్పినవైతే మధ్యలో నీదేముందన్నా అని. అది కూడా రెండుసార్లు చదివింది. కడుపు నిండా సంతోషం, అందులో జాలి చుక్క కూడా లేదు.

ఎండాకాలం రాకముందే నరహరి మళ్లీ వచ్చాడు. చిక్కిపోయాడు, కళ్లు లోపలికి పోయాయి. సగం పుస్తకం అయిపోయింది, ఇన్ని వేలమంది విన్నారు, ఇంతవరకు ఒక్క తప్పు ఎవరూ పట్టలేదన్నాడు.

"అసలు ఉన్నయా వదినా?"

"మిగిలిన సగంల ఉన్నయి."

అతడు పుస్తకం చంకన పెట్టుకొని వెళ్లిపోయాడు. ఆ సగంలోనూ తప్పు ఒక్కటీ లేదు. అన్నీ నిజాలే. కాకపోతే అందులో నూట పన్నెండు పేజీలున్నాయి, పేజీకొకసారైనా వాడు ఆమె పేరు చెప్పక తప్పదు.