వీరస్వామి యాంటెన్నా, నర్సవ్వ పడుగు

1983. వరంగల్‌లో అప్పటికింకా టీవీ టవర్ లేదు. హైదరాబాద్ నుంచి వచ్చే సిగ్నల్‌ను పట్టుకోవాలంటే ఇంటి మీద తాటిచెట్టంత ఇనుప పైపు నిలబెట్టి, దాని కొసన యాంటెన్నా బిగించాలి. గాలికి పైపు పడిపోకుండా మూడు వైపులా తీగెలు లాగి కట్టాలి. వాటిని స్టే వైర్లు అంటారు. పైపు ఇంటి మీదే ఉండేది కానీ తీగెలు ఇంటి హద్దులో ఆగేవి కావు. పక్కింటి గోడకో, వీధిలో పాతిన మేకుకో పోయేవి. అక్కడ మా పని మొదలయ్యేది.

నేను మున్సిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ సెక్షన్ అటెండర్‌ను. ఇండ్లకు అనుమతులివ్వడం, రోడ్డు మీదికి వచ్చిన మెట్లు, అరుగులు తీయించడం ఆ సెక్షన్ పని. మా ఆయన పోయాక ఆయన ఉద్యోగం నాకిచ్చారు. ఇన్‌స్పెక్టర్ సారు కొలతలకు పోతే టేపు సున్నా ఉన్న కొస నా చేతిలో ఉండేది. నోటీసులు ఇండ్లకు చేర్చేదీ నేనే. అప్పుడు నాకు అక్షరాలు రావు. ఏ నోటీసు ఎవరిదో క్లర్కును అడిగి, మూలలు ఒక్కో తీరుగా మడిచి గుర్తు పెట్టుకునేదాన్ని. రాత్రి బడికి పోయి చదువు నేర్చుకున్నది చాలా ఏండ్ల తరువాత.

ఆ ఏడు ఎండాకాలంలో కొత్తవాడలోని ఒకే సందు నుంచి, ఒకే రోజు, రెండు ఫిర్యాదులు వచ్చాయి. ఒకటి నర్సవ్వది. ఆమె, ఇద్దరు కొడుకులు ఇంట్లో మగ్గాల మీద చీరలు నేస్తారు. రెండోది ఎదురింటి వీరస్వామిది. సహకార సంఘంలో తివాచీలు నేసే మనిషి. ఆ సందులో మొదటి టీవీ అతనిదే.

సారు, నేను పోయేసరికి ఇద్దరూ గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. వీరస్వామి పైపు నుంచి ఒక తీగె సందు దాటి వచ్చి, నర్సవ్వ గోడ ముందు నేలలో కొట్టిన మేకుకు కట్టి ఉంది. నర్సవ్వ బాధ తెలియాలంటే నేతపని కొంచెం తెలియాలి. మగ్గానికెక్కించే ముందు పడుగును, అంటే బట్టలో నిలువుగా పోయే నూలును, పొడవునా చాపి, గంజి పెట్టి, పెద్ద కుంచెతో దువ్వాలి. అంత పొడవు ఇంట్లో దొరకదు కాబట్టి తెల్లవారగానే సందులోనే చాపుతారు. ఇప్పుడు మేకు సరిగ్గా ఆ జాగాలో ఉంది.

"మా అత్త కాలం నుంచి ఈడనే సాపుతున్నం సారూ," అన్నది నర్సవ్వ. "ఇప్పుడు పడుగు ఏడ సాపాలె? వాని టీవీ మీదనా?" పడుగు సాగకపోతే రెండు మగ్గాలూ ఆగిపోతాయని, అప్పటికే ఒకటి ఆగిందని చెప్పింది.

వీరస్వామి ఫిర్యాదు వేరు. రోజూ సంఘం నుంచి వచ్చి టీవీ పెట్టేసరికి తెర మీద బొమ్మ ఉండదట, ముగ్గుపిండి చల్లినట్టు చుక్కలే ఉంటాయట. అతను పైకెక్కి పైపు తిప్పాలి, ఒకరు టీవీ దగ్గర, ఒకరు గుమ్మంలో నిలబడి "వచ్చింది", "పోయింది" అని అరవాలి. ఎలాగో బొమ్మ వస్తే, మరునాడు మళ్ళీ అదే కథ.

"ఈమెనే సారూ. మేకు కొట్టిన కోపంతోని నేను లేనప్పుడు తీగె గుంజుతాంది."

నర్సవ్వ ముఖం ఎర్రబడింది. ఆ సందులో ఆమె మాటకు విలువ ఉంది. అందరి ముందు అలాంటి మాట ఎవరూ ఆమెను అనలేదు.

సారు ఇద్దరినీ ఆపి నాతో టేపు పట్టించారు. ఆఫీసుకు వచ్చి రూల్సు చూసి తల గోక్కున్నారు. జెండా స్తంభానికి రూల్ ఉంది, సినిమా బోర్డుకు ఉంది, టీవీ పైపుకు లేదు. చివరికి ఆయనే ఒకటి తేల్చారు. రోడ్డు మీద మేకు ఉండకూడదు, వారంలో తీయాలి. తీగె సందు దాటాలంటే గడ్డిబండి కింద నుంచి పోయేంత ఎత్తున ఉండాలి. ఎవరి ఇంటికి కడతారో వాళ్ళు నో అబ్జెక్షన్, అంటే అభ్యంతరం లేదని ఒప్పుకోలు ఇవ్వాలి. లేకపోతే పైపు దించాలి.

ఆ ఎత్తులో కట్టడానికి అటువైపు ఉన్నది నర్సవ్వ ఇంటి దూలం ఒక్కటే.

ఆ సాయంత్రమే నేను పోయి ఆమెను అడిగితే ఒక్క మాటే అన్నది. "నన్ను దొంగను జేసినోనికి నా దూలం ఇయ్యాల్నా? ఇయ్య."

మరునాడు మధ్యాహ్నం దాటాక నోటీసు తీసుకొని నేనొక్కదాన్నే పోయాను. వీరస్వామి తలుపు తట్టబోతుంటే నా భుజం మీద ఏదో చుక్క పడింది. చూస్తే ఎర్రగా ఉంది. నెత్తురేమోనని పైకి చూశాను. స్టే వైరు మీద, ఈ కొస నుంచి సందు నడిమి దాకా, రంగు నీళ్ళ నుంచి అప్పుడే తీసిన నూలు చిలపలు, అంటే నూలు కట్టలు, వేలాడుతున్నాయి. ఆ బరువుకు తీగె కిందికి జారింది, పైపు వంగి, పైన యాంటెన్నా హైదరాబాద్‌ను వదిలి ఇంకెటో చూస్తోంది.

ఇంట్లో నూలుకు రంగు అద్దే వీరస్వామి భార్య బాలమ్మ మోచేతుల దాకా ఎర్రరంగుతో బయటికి వచ్చింది.

"ఈ నూలు ఎవలది బాలమ్మా?"

"నాదే అక్కా. ఇంట్ల దండెం మీద రెండు దినాలైనా ఆరది. అందుకే కట్టెతోని పైకెక్కిస్త. ఈ తీగె మీద ఎండ ఎంత మంచిగ పడ్తాందో చూడు. ఆయన వచ్చేటాల్లకు తీసేస్త."

"రోజూనా?"

"రోజూ."

నేను యాంటెన్నా వైపు చెయ్యి చూపించాను. ఆమె అటు చూసి ఎర్రచేతులు నెత్తిన పెట్టుకుంది. తీగె కిందుంటే యాంటెన్నా పైనుంది, దీనికీ దానికీ సంబంధం ఉంటుందని తనకేమెరుక అన్నది. సందులో అందరూ ఆ నూలును రోజూ చూస్తూనే ఉన్నారు. వాళ్ళ తీగె, వాళ్ళ నూలు అనుకున్నారు. నర్సవ్వ వాళ్ళు మాత్రం ఆ వేళకు ఇంటి వెనక మగ్గాల మీద ఉంటారు.

"జర ఆయనకు చెప్పకు అక్కా."

"నేను చెప్ప. నువ్వే చెప్పాలె. నర్సవ్వ మీద పడ్డ మాట ఎవలు తీస్తరు?"

వీరస్వామి వచ్చేదాకా నేనూ అక్కడే కూర్చున్నాను. బాలమ్మ చెప్పింది. అతను పైకి చూశాడు, నూలును చూశాడు, భార్య జుట్టుకంటిన రంగును చూశాడు. అరుస్తాడనుకున్నాను. మెట్టు మీద కూలబడి తలపట్టుకున్నాడు. ఎదురు గుమ్మంలోంచి నర్సవ్వ గొంతు వినిపించింది.

"ఏం తమ్మీ, దొంగ దొరికిందా?"

సందు సందంతా నవ్వింది. అతను లేచి పోయి ఆమె కాళ్ళకు దండం పెట్టబోతే ఆమె వెనక్కి జరిగి, కాళ్ళు కాదు, ముందు మేకు పీకమన్నది. అక్కడికక్కడే పీకాడు. అప్పుడు చెప్పింది.

"దూలానికి కట్టుకో. టీవీ సందు దిక్కు తిప్పి పెట్టాలె. ముందటి జాగ నాది." ఆగి మళ్ళీ అన్నది, "ఇంకోటి. తీగె ఒక కొస నా ఇంటికి కడ్తున్నవు గద. సగం తీగె మీద నూలు నేనారేసుకుంట."

"అవ్వా, అదొక్కటి తప్ప ఏదన్న అడుగు," అన్నాడు వీరస్వామి. బాలమ్మ నవ్వలేక గోడకు ఆనుకుంది.

నర్సవ్వ నో అబ్జెక్షన్ మీద వేలిముద్ర వేసింది. సాక్షిగా నేనూ వేశాను. శనివారం సాయంత్రం సినిమాకు సందు నిండిపోయింది. ముందు వరుసలో నర్సవ్వ పీట వేసుకొని కూర్చుంది, పక్కన నేను. బొమ్మ అద్దంలా వచ్చింది. తెల్లవారి అదే తీగె కింద ఆమె పడుగు ఆ కొస నుంచి ఈ కొస దాకా తెల్లగా సాగింది.

తరువాత పైపుల మీద, స్తంభాల మీద ఎన్నో ఫిర్యాదులు చూశాను. ఈ కేసు నాకొక అలవాటు నేర్పింది. టేపు విప్పకముందే ఆ జాగాలో పొద్దున ఎవరు ఏం చేసుకుంటారో, సాయంత్రం ఎవరు ఏం చేసుకుంటారో రెండు వైపులా అడిగేదాన్ని. నేను అడిగి వచ్చేదాకా సారు కూడా ఆగేవారు.

కొన్నేండ్లకు మా ఊరికి టీవీ టవర్ వచ్చింది. చిన్న యాంటెన్నాలు చాలు కాబట్టి పెద్ద పైపులు దించేశారు. ఒకరోజు ఆ సందు మీదుగా పోతూ చూశాను. వీరస్వామి ఇంటి మీద పైపు లేదు. తీగె మాత్రం ఉంది. ఒక కొస అతని గోడకు, ఇంకో కొస నర్సవ్వ దూలానికి. అటు సగం మీద ఎర్ర నూలు, ఇటు సగం మీద పచ్చ నూలు.

ఆఫీసుకు పోయి, పైపు పోయినా తీగె సందు మీదనే ఉందని, నోటీసు ఇవ్వాలా అని సారును అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి నవ్వారు.

"పైపు లేని తీగె మన సెక్షన్ కిందికి రాదు కొమురక్కా. ఆరనియ్యి."