లీలారాణి పిన్ని ఫ్రిజ్ తలుపు

మా లీలారాణి పిన్ని ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీయాలంటే ముందు విచారణకు నిలబడాలి. ఏం కావాలి, ఏ అరలో ఉంది, లేకపోతే ప్రాణం పోతుందా? అన్నీ తేలాక ఆవిడే జానెడు తలుపు తీసి, ఆ సందుకి ఒళ్లు అడ్డం పెట్టి, వస్తువు లాగి, మోకాలితో మూసేది. లోపల ఏముందో బారువ పక్కనున్న మా పేటలో చూసినవాళ్లు లేరు.

"మంచినీళ్లు, పిన్నీ."

"కుండలో ఉన్నాయి."

"సల్లగా కావాలి."

"కుండేటి, పొయ్యి మీదున్నాదా?"

తలుపు తీస్తే చల్లదనం నీళ్లలా కిందికి జారిపోతుందట. "నీ కాళ్ల మీద పడిపోనాది సూడు" అని నా పాదాలను జాలిగా చూసేది.

మరి ఆ చల్లదనమంతా దేనికి? చేపలు ఏ పూటవి ఆ పూటే. పాలు కాచగానే టీ అయిపోయేవి, అందులో నాలుగు చెంచాల పంచదార పడితేనే పిన్నికి టీ. క్రిస్మస్ కేకు మిగిలిందని చర్చివాళ్లు దాచమంటే, మిగల్చకుండా తినెయ్యమని సలహా ఇచ్చింది. పేటంతా పిసినారి అంది. ఎదురింటి కూర్మమ్మ ఒక్కతే ఆ మాట అనేది కాదు. ఆమె కూతురు అనిత పొద్దునా రాత్రీ అన్నం ముందు పిన్ని దగ్గరికి ట్యూషన్‌కి వచ్చేది. అయిదు నిమిషాల్లో ముగిసే ట్యూషన్ నేనింకెక్కడా చూడలేదు.

తిత్లీ తుపానుకి స్తంభాలన్నీ పడుకున్నాయి. కరెంటు పోగానే పిన్ని ఫ్రిజ్‌కి పాత చీర చుట్టి ముడేసింది. ఆ ముడి విప్పమని అడిగే ధైర్యం గాలివానకి కూడా లేదు. కానీ రెండో రోజుకి లోపలి చల్లదనమూ అయిపోయింది. రోడ్ల మీద చెట్లు, మందుల షాపులు మూత. అప్పుడు చేపల వ్యాపారి దాలయ్య ఎక్కడినుంచో ఐసు తెచ్చాడు. పిన్ని మొదటిసారి ఫ్రిజ్ బార్లా తెరిచి, ఒక స్టీలు డబ్బా అతని చేతికిచ్చి, చల్లగా ఉంచమని చెప్పి గోనె కోసం పెరట్లోకి వెళ్లింది.

దాలయ్య దానికి వంజరం చేపకి చేసే మర్యాదంతా చేశాడు. డబ్బాలోని రెండు చిన్న సీసాలు తీసి, ఐసు పలుకుల్లో మెడదాకా పూడ్చి, పైన గుప్పెడు ఉప్పు చల్లాడు.

"వారమైనా కన్ను మెరుస్తాది, అక్కా" అని కాసేపటికి పెరట్లోకి కేకేశాడు.

పిన్ని గోనె వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఒక సీసాలో మందు అప్పటికే పలుకులు కట్టింది. రెండోది ఇంకా నీరుగానే ఉంది.

"ఇది సేప కాదురా, ఇన్సులిన్. ఎండకీ సస్తాది, ఐసుకీ సస్తాది."

"మరి మనిషిలాటిదే అన్నమాట" అన్నాడు దాలయ్య. "ఎవలిది?"

గుమ్మంలో కూర్మమ్మ నిలబడిపోయింది. అనితకి అప్పుడే ఒక సంబంధం మాటల్లో ఉంది. ఐసు కోసం వచ్చిన వాళ్లంతా వింటున్నారు.

"నాదే" అంది పిన్ని. "సుగరు."

బతికిన సీసాని డబ్బాలో పెట్టి, డబ్బాని కుండలో పెట్టి, ఆ కుండని పెద్ద కుండలో తడి ఇసుక మధ్య నిలిపి, తడి గోనె కప్పి నీడన ఉంచింది. ఆ సాయంత్రం, తుపాను వెలిసిన పేటలో, అనిత ట్యూషన్‌కి వచ్చింది. పుస్తకం లేదు. తిన్నగా కుండ దగ్గరికి వెళ్లింది. నేను చూస్తూ ఉండిపోయాను.

"ఏటి సూస్తన్నావు? తలుపు దగ్గరికెయ్" అంది పిన్ని, ఈసారి గది తలుపు.

కొత్త మందు వచ్చేదాకా ఆ సీసా నిలిచింది. పిన్నికి మాత్రం కష్టాలు మొదలయ్యాయి. తను పాడుచేసిన సీసాకి పరిహారంగా దాలయ్య ఆవిడ ఆరోగ్యం బాధ్యత తీసుకున్నాడు. టీ కొట్టులో, పెళ్లిళ్లలో, చర్చి విందులో, "అక్కకి పంచదార ఎయ్యకండి" అని ఆవిడకంటే ముందే కేకేసేవాడు. పిన్ని ఆ చేదు టీ ఊదుకుంటూ తాగేది.

అనిత చివరికి పెళ్లికొడుకుతో తనే చెప్పేసింది. పెళ్లయ్యాక పేటలోనూ దాచలేదు, అందుకే ఇది రాయగలుగుతున్నాను. దాలయ్యే నమ్మలేదు.

"సిన్నపిల్లకి సుగరేటి? అక్క బాధపడతాదని తన మీదేసుకున్నాది, పిచ్చిపిల్ల."

మొన్న వెళ్లేసరికి ఫ్రిజ్ తలుపు జానెడు తెరిచి ఉంది. పిన్ని ఆ సందులోకి తల దూర్చి నిలబడింది.

"ఏంటి పిన్నీ?"

"మాటాడించకు, సల్లదనం జారిపోతాది" అంది, నోటినిండా పాలకోవాతో. "దాలయ్య గానీ వస్తన్నాడేటో సూడు."