నడుముకు సూదంటురాయి

కంపెనీ నట్లూ వాషర్లూ వీపుకు అంటించుకుని, ఆ సంగతి తనకే తెలియకుండా ఈల వేసుకుంటూ గేటు దాటబోయిన దొంగ ఈ భూమ్మీద ఒక్కడే ఉంటాడు. వాణ్ణి నేనే. ఉద్యోగం పోబోయి ఆగింది, వీసా పోబోయి ఆగింది, పెళ్ళాం ముందు పరువు మాత్రం ఆగకుండా పోయింది. ఎలా పోయిందో చెబుతాను, మొహమాటపడకుండా నవ్వండి. నాకు అలవాటైపోయింది.

కరోనా మాస్కులు మూతుల మీంచి దిగిన ఏడాది. అబుదాబి పారిశ్రామికవాడ ఐకాడ్‌లో ఇనుప మెట్లూ రెయిలింగులూ తయారుచేసే ఫ్యాక్టరీలో నేను స్టోర్‌కీపర్‌ని. మాది ఆర్మూరు దగ్గర. ఆ పక్కనే షాబియా కాలనీలో ఒక గదీ వంటిల్లూ ఉన్న కొంపలో నేనూ, నా భార్య సుజాతా. సుజాతకు అప్పుడు ఏడో నెల. పురిటికి ఊరికి వెళ్ళమంటే, "నేను వోతే నువ్వేం తింటవ్? నేను వోను" అని భీష్మించుకుంది.

ఉయ్యాలకు చోటు కావాలని ఒక శుక్రవారం బీరువా జరపబోయాను.

"పక్కింటాయన్ని పిలువు. ఇద్దరు పడితే అల్కగ జరుగుతది" అంది సుజాత.

"దీనికి ఇద్దరెందుకు? నా నడుము ఏమనుకున్నవ్? ఇనుము!"

బీరువా జానెడు జరిగింది. నడుము మూరెడు జరిగింది. లోపల ఎక్కడో 'కటుక్కు'మంది.

"ఏమైంది?"

"ఏం గాలే. బీరువా చప్పుడు."

ఇనుము అన్న నోటితో నొప్పి అని ఎలా అనను చెప్పండి! మర్నాటి నుంచి నా నటన మొదలైంది. నిటారుగా నడిచేవాణ్ణి, తాటిచెట్టు లుంగీ కట్టుకుని వస్తున్నట్టు. కూర్చునేటప్పుడు మూలుగు వస్తే దాన్ని మధ్యలోనే పట్టుకుని పాటగా మార్చేవాణ్ణి.

"ఏందీ, ఈ మధ్య మస్తు పాడుతున్నవ్?"

"బిడ్డకు ఇనబడాలె గద!"

డాక్టరు దగ్గరికి వెళితే ఎక్స్‌రే, మందులు, ఇంటినిండా ప్రశ్నలు. అందుకని వెళ్ళలేదు. సరిగ్గా అప్పుడే మా వీధి సూపర్‌మార్కెట్ గుమ్మం పక్కన ఒక బల్ల వెలిసింది. బల్ల వెనక టై కట్టుకున్న హైదరాబాదు మనిషి.

"అన్నా, నడుస్తుంటేనే తెలుస్తుంది. వెన్నులో కింది పూసల కాడ గదా?"

నేను నిర్ఘాంతపోయాను. "నీకెట్ల తెలుసు?"

"అందరికీ ఆడనే అన్నా."

ఆ జవాబు విన్నాక తెలివున్నవాడు వెళ్ళిపోతాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను, పాటతో సహా.

అతను ఒక పట్టీ, ఒక చిన్న పుస్తకం నా ముందు పెట్టాడు. పుస్తకం మీద చొక్కా లేని మీసాల దొర బొమ్మ. దొర నడుములోంచి మెరుపులు వస్తున్నాయి. "విక్టోరియా రాణి జమానాల లండన్ దొరలు కరెంటు పట్టీలు కట్టుకునేటోళ్ళన్నా. ఇది దానికి మనుమడు. కరెంటు అక్కర్లే, లోపలంతా అయస్కాంతం. నడుం నొప్పి, గ్యాసు, షుగరు, జుట్టు ఊడుడు, మతిమరుపు, కోపం, పిల్లలు కాకపోవుడు, అన్నిటికీ ఒకటే మందు."

"మాకు పిల్లలు అయితున్నరు."

"రెండోసారికి పనికొస్తది, ఉంచుకో."

కొనేశాను. ఆ దొరల పట్టీల గురించి తర్వాత వేరేచోట తీరిగ్గా చదివితే తెలిసింది. ఆ రాణి కాలంలో నిజంగానే ఇలాంటి పట్టీలను పత్రికల్లో ప్రకటనలు వేసి, సకల రోగాలకూ ఒకటే విరుగుడని అమ్మేవారట. కొన్నవాళ్ళ నడుములు మాత్రం కొనకముందు ఎలా ఉన్నాయో అలాగే ఉండేవట. నా తెలివితక్కువతనం నాతో పుట్టింది కాదు, దానికి పెద్ద వంశమే ఉందని అప్పుడు కొంచెం గర్వపడ్డాను.

రోజూ ఫ్యాక్టరీకి వెళ్ళాక బాత్రూంలో జాకెట్ కింద పట్టీ కట్టుకోవడం, ఇంటికి బయలుదేరే ముందు విప్పి సంచిలో దాచడం. ఆశ్చర్యంగా, వారం తిరక్కుండానే నొప్పి తగ్గుముఖం పట్టింది! వంగాల్సిన పనే తగలడం లేదు. నీళ్ళ క్యాను ఎత్తుదామని వెళితే అప్పటికే స్టాండు మీద ఉంటుంది. బూట్ల కోసం చూస్తే స్టూలు మీద ఉంటాయి. బియ్యం డబ్బా కింది అర నుంచి పై అరకు ఎక్కింది. అవన్నీ అక్కడికి ఎలా వచ్చాయని నేను అడగలేదు. అంతా పట్టీ మహిమ అనుకున్నాను.

ఒక రోజు స్టోర్‌కు కొత్త సరుకు వచ్చింది. నట్లు, వాషర్లు, చిన్న బోల్టులు, మూతల్లేని ట్రేలలో. లెక్క చూసుకుంటూ మధ్యమధ్యలో ఆ ట్రేల అరకు జారగిలబడి నడుముకు విశ్రాంతి ఇచ్చాను. ఒంటిమీద వదులుగా మెరుపు సేఫ్టీ జాకెట్, జారగిలబడినప్పుడల్లా వెనక పైకి లేస్తూ. దాని వెనక ఏం జరుగుతోందో మీకు అర్థమవుతోంది. నాకు కాలేదు. సాయంత్రం బస్సు హారన్ కొడుతుంటే పట్టీ విప్పకుండానే పరుగెత్తాను.

గేటు దగ్గర గార్డు బహదూర్. నేపాలీ, నాకు రోజూ చాయ్ స్నేహితుడు. ఇనుము పసిగట్టే తనిఖీ కర్రను మొక్కుబడిగా నా పక్కనుంచి ఆడించాడు. అది కాలు తొక్కిన కుక్కపిల్లలా అరిచింది.

"భాయ్, జేబులో ఏముంది?" అన్నాడు హిందీలో.

జేబులు చూపించాను. కర్ర ఇంకా అరుస్తోంది. వెనక్కి వచ్చి జాకెట్ ఎత్తి చూశాడు. 

"ఇవి ఎక్కడివి భాయ్?"

"ఏవి?"

"వీపు మీదివి."

"నా వీపు నాకెట్ల కనబడతది?"

ఫోనులో ఫోటో తీసి చూపించాడు. నడుము చుట్టూ నట్లు, వాషర్లు, బోల్టులు, వాటి మధ్య సందుల్లో ఇనుప రజను బొచ్చులా. అచ్చం ముళ్ళపంది! బస్సులో ఉన్నవాళ్ళందరూ కిటికీలకు అతుక్కున్నారు.

కబురందుకుని ముదీర్ వచ్చాడు. ముదీర్ అంటే మా మేనేజరు, ఈజిప్టు మనిషి, గొంతు విప్పితే రేకుల షెడ్డు అదురుతుంది. నన్ను చుట్టూ తిరిగి చూసి, "హరామీ?" అన్నాడు. అరబ్బీలో దొంగ అని.  నిండు కడుపుతో సుజాత, జానెడు జరిగిన బీరువా పక్కన ఖాళీ ఉయ్యాల, రద్దయిన వీసా, అన్నీ ఒకేసారి కళ్ళ ముందు తిరిగాయి.

"సార్, నడుం నొప్పి! మందు పట్టీ!" అంటూ వెనక్కి తిరిగి వీపు చూపించాను. పట్టీని తడిమి చూశాడు, వాచీ ఉన్న చేత్తోనే. వాచీ వెళ్ళి పట్టీని కావలించుకుంది. విడదీసి చూస్తే ముల్లు ఆగిపోయింది. నా టైము బాగోలేదనుకుంటే ఆయన టైమే ఆగిపోయింది.

ముదీర్ వాచీని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "నొప్పి అంటావు. ఒక్కరోజు సెలవు అడగలేదు. ఎవరికీ చెప్పలేదు. ఎలా నమ్మాలి? ఇంటికి ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టు."

 ఇంట్లో నేను అంత కష్టపడి దాచింది ఈ నొప్పినే కదా! లేదంటుంది, నేను మునుగుతాను.

"ఏందీ, బస్సెక్కినవా?" అంది సుజాత గొంతు.

"మేడం, మీ ఆయనకు నడుం నొప్పి ఉందా?" అన్నాడు ముదీర్, గల్ఫ్‌లో అబ్బిన హిందీలో.

 సుజాత తన ఆర్మూరు హిందీలో చెప్పింది. తెలుగులో అయితే ఇదీ:

"ఉంది సార్. బీరువా జరిపిన కాన్నుంచి ఉంది. పొద్దుగాల గోడ వట్టుకొని లేస్తడు. కూసునేటప్పుడు పాట పాడుతడు. మంచోడు సార్, గని పాట రాదు. వంగొద్దని బూట్లు పైన పెడుతున్న. నీళ్ళ క్యాను వాచ్‌మన్‌తోని పెట్టిస్తున్న. అడిగితే సిగ్గువడుతడని అడుగుతలేను. ఆయనంతట ఆయన చెప్తే దవాఖానకు తీస్కవోదామని చూస్తున్న. ఏమైంది సార్, పడ్డడా?"

 బహదూర్ నా వీపు మీది నట్లు ఒక్కొక్కటే మెల్లగా తీసి ట్రేలో వేస్తున్నాడు, దెబ్బ తగిలినచోట దూది అద్దినట్టు.

"పడలేదు మేడం. వస్తున్నాడు" అన్నాడు ముదీర్. గొంతు సగానికి సగం తగ్గింది. ఆగిన వాచీ జేబులో వేసుకుని, నావైపు తిరిగాడు. "ఖలాస్. రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళు. అలాంటి మనిషి దగ్గర అబద్ధం ఆడకు. దండగ."

ఇంటికి వెళ్ళేసరికి సుజాత గుమ్మంలో ఉంది. కథంతా విని, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కుర్చీలో కూలబడి, ఉన్నట్టుండి కళ్ళు తుడుచుకుంది.

"నాకు జెప్తే ఏమైతుండె?"

"ఇనుమన్న గదా మరి..."

"ఇనుముకు తుప్పు గూడ పడతది. బోర్ల పండుకో." వేడినీళ్ళ సంచి నా నడుము మీద పెట్టి, తన చెయ్యి కూడా అక్కడే ఉంచింది.

డాక్టరు కండరం పట్టిందన్నాడు, విశ్రాంతి అన్నాడు, తగ్గింది. పట్టీని స్టోర్‌లో ఒక పొడవాటి కర్రకు కట్టాను. కిందపడిన నట్లన్నీ వంగకుండా అదే ఏరుతోంది. కాబట్టి టై మనిషి పూర్తిగా అబద్ధమాడలేదు. అది నడుం నొప్పిని నిజంగానే ఆపుతుంది, నడుముకు కట్టుకోకపోతే.

ఇక నా ప్రమాణం. సుజాత సాక్షిగా, ఇప్పుడు ఇల్లంతా పాకుతూ పరిగెత్తిస్తున్న మా కూతురి సాక్షిగా, ఇకపై నా ఒంట్లో ఏ మూల ఏ నొప్పి పుట్టినా, అది పుట్టిన గంటలోపే ఇంట్లో ప్రకటిస్తాను. దాచను, దాచబోను.

ఇదంతా రాసి సుజాతకు చదివి వినిపించాను. పాపకు అన్నం పెడుతూ శ్రద్ధగా వింది.

"మంచిగ రాసినవ్" అంది. "మరి ఆ ఎడమ మోకాలి సంగతి ఎప్పుడు చెప్తవ్?"