'తీసుకో' అన్న పెద్దమ్మ

నిన్న హైదరాబాద్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, పచ్చిపులుసు రెసిపీ చెప్పమంది. ముప్పై ఏళ్లు నారాయణఖేడ్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన నోరు కదా, వంట వదిలేసి మాట పుట్టుక అందుకున్నాను. 'రెసిపీ' లాటిన్ మాట, అసలు అర్థం 'తీసుకో' అన్నాను. "సరే గాని, చింతపండు ఎంత తీసుకోవాలె?" అంది.

ఆ అర్థం నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. పక్కింటి పెద్దమ్మ చెప్పింది. మాకు చుట్టరికం లేదు. వాళ్లు చర్చికి పోయేవాళ్లు, మేము గుడికి. పెద్దమ్మ దవాఖానలో నర్సు. ఆమె గొంతు వీధి మలుపులోనే వినిపించేది, చీర నుంచి ఎప్పుడూ మందుల వాసన.

నేను ఏడో తరగతిలో ఉండగా మా తమ్ముడు పుట్టి తొమ్మిదో రోజున పోయాడు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. జ్వరం పట్టుకుంది. నాన్న తెచ్చిన మందులు ముట్టలేదు. నాయనమ్మ ఒట్లు పెట్టింది, నాన్న బతిమాలాడు. నాలుగు రోజులు అలాగే గడిచాయి.

ఐదో రోజు సాయంత్రం పెద్దమ్మ డ్యూటీ దిగి నేరుగా వచ్చి మంచం మీద కూర్చుంది. మందుచీటీలో పైనున్న గుర్తు మీద వేలు పెట్టింది. ఇంగ్లీషు 'ఆర్' అక్షరం, దాని కాలికి అడ్డంగా ఒక గీత.

"చెల్లె, గిదేందో ఎరుకేనా? రెసిపీ అన్నట్టు. లాటిన్‌ల 'తీసుకో' అని. మా పాత డాక్టరమ్మ చెప్పింది. అండ్ల బతిమాలుడు లేదు."

"రాసినోళ్లకు నా బాధేం ఎరుకక్కా?" అంది అమ్మ, గోడవైపే చూస్తూ. అన్ని రోజుల్లో అదే మొదటి మాట.

"వాళ్లకెరుక లేదు. నాకెరుక. ఇద్దరు పిల్లల్ని మట్టిల పెట్టిన." మాకెవరికీ తెలియని సంగతి అది. పెద్దమ్మ గొంతు అంత చిన్నదవడం నేను మొదటిసారి విన్నాను. "ఇగ తీసుకో."

అమ్మ ఇటు తిరిగి, ఆమె ముఖం చూసి, మందు కోసం చెయ్యి చాపింది. నేను గ్లాసు అందించబోయి సగం నీళ్లు పక్కమీదే పోశాను. పెద్దమ్మ నన్ను తిట్టి, వంటింట్లోకి పోయి జొన్నరవ్వతో గటక కాచి తెచ్చింది. అమ్మ లేచి కూర్చునేదాకా రోజూ వచ్చింది.

టీచరయ్యాక పెద్ద డిక్షనరీలో వెతికాను. నిజమే, ఆ మాట మందుచీటీ నుంచే వంటింటికి చేరిందట. ఒక్క ఉరుకున పోయి పెద్దమ్మకు చెప్పాను. "ఏంది, నేను అబద్ధం చెప్తననుకున్నవా?" అని కోప్పడి, చాయ్ పోసింది. కృతజ్ఞత చెప్పాలని పోయిన నేను చాయ్ తాగి వచ్చేశాను.

అమ్మ ఆ తర్వాత నలభై ఏళ్లు బతికింది, నా పెళ్లి చేసింది, నా బిడ్డకు స్నానాలు పోసింది. ఆ నలభై ఏళ్లూ ఆ ఒక్క సాయంత్రంలో ఉన్నాయని అప్పుడు మాలో ఎవరికీ తెలియదు.