గోడ పీల్చిన ఊపిరి

సారపాకలో కిరాయికున్న ఇంటికి సున్నం వేయించిన మర్నాడే పాపను దవాఖానా నుంచి తెచ్చుకున్నాం. మా అత్తమ్మ పెరట్లో బానలో సున్నపు గడ్డలేసి నీళ్లు పోస్తే, పొయ్యి లేకుండానే కుతకుతా ఉడికాయట.

కాలేజీలో కెమిస్ట్రీ చదివినదాన్ని. పాలిస్తూ ఆ కథ పాపకు చెప్పేదాన్ని. బట్టీలో కాలిస్తే సున్నపురాయి విడిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి గడ్డ సున్నం మిగులుతుంది. అది వియోగం. నీళ్లు పోస్తే రెండూ కలిసి ఒకటవుతాయి. అది సంయోగం. గోడకు పూశాక, ఆ తడి సున్నం మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ రాయవుతుంది. సమీకరణంలో బాణానికి అటు ఎన్ని పరమాణువులుంటే ఇటూ అన్నే ఉండాలి. ఏదీ మాయం కాదు. పాప నా నోటివంకే చూసేది.

ఆ వానాకాలం మలేరియా వచ్చింది. పాప పోయింది.

ఇప్పుడు అదే గదిలో, ఆ తర్వాత పుట్టిన బాబు ఉయ్యాల. మొన్న గోడ నుంచి రాలిన పెచ్చు వాడి పెదవి మీద కనబడింది.

"గోడ గీకి సున్నమేద్దాం" అంది అత్తమ్మ.

"వద్దత్తమ్మా."

"ఏందే వద్దనేది? పోరడు గోడ తింటుండు. నీ పాలు చాలుతలేవా ఏంది?"

"బుజ్జిదాని ఊపిరి ఆ గోడల ఉంది."

"అబ్బో! నీ చదువు గోడలక్కూడ ఊపిరి పోస్తదా?"

బొగ్గుముక్కతో గుమ్మం పక్కన సమీకరణం రాసి చూపించాను. ఆమె బాణం మీద వేలు పెట్టి, అటూ ఇటూ ఏముందో చెప్పించుకుంది.

"మరి నా ఊపిరి? నా కొడుకుది? పొయ్యి పొగ? అన్నిటినీ పీల్చింది గద గోడ."

నిజమే. ఏ గాలి ఎవరిదో సమీకరణం చెప్పదు. ఏడుపొచ్చింది.

ఆమె బాబునెత్తుకుని వాకిట్లోకి వెళ్లింది. గోడ నేనే గీకాను. ఉయ్యాల పక్కన, పాప తల ఉండే చోట, చెయ్యి ఆగింది. బాబు దగ్గిన చప్పుడు వినబడి మళ్లీ గీకాను.

ఊడ్చేటప్పుడు అత్తమ్మ వచ్చి ఒక పెద్ద పెచ్చు ఏరి గుడ్డలో చుట్టింది. వంటింట్లో చింతపండు కుండ పక్కన దాస్తుంటే చూశాను.

"అక్కడొద్దత్తమ్మా. పులుపు తగిల్తే పొంగుతది. లోపలి గాలి పోతది."

ఈసారి ఎగతాళి చెయ్యలేదు. మూటను తన ట్రంకుపెట్టెలో, చీరల మడతల మధ్య పెట్టింది. "ఇక్కడైతే పోదు గద?" అనడిగింది.

"పోదు."

ఈ రాత్రి కొత్త సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. బాబు నిద్రపోతున్నాడు. గోడ వాడి ఊపిరిని పీల్చుకుంటోంది. ఇదంతా రాస్తూ, రెండు వాక్యాలకోసారి లేచి, వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వస్తున్నాను.