కాటా గదిలో తప్పుల పూట

పోయిన వారం నా కంప్యూటర్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయించాను. పాతదానికి ఇక భద్రత ఉండదని కడపలో రిపేరు షాపతను చాలాకాలంగా చెబుతూనే ఉన్నాడు. ఇంటికి తెచ్చి స్విచ్ నొక్కితే, ఇన్నేళ్ళూ విన్న ఆ చిన్న గంటల శబ్దం రాలేదు. తెర నిశ్శబ్దంగా వెలిగింది. నేను రోజూ డైరీ రాసుకునే ఫైలు ఎక్కడుందో కనబడలేదు. ఆ నిశ్శబ్దంలో ఎర్రగుంట్లలోని కాటా గది, అక్కడి సున్నపురాయి దుమ్ము వాసన, దస్తగిరి సార్ గొంతు గుర్తుకొచ్చాయి. ఖాళీ ఫైలు ఒకటి తెరిచి, ఆ పూటంతా కావాలని తప్పులు చేస్తూ కూర్చున్నాను. ఇదేం పని అని మా కోడలు అడిగింది. ఆమెకు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

అప్పట్లో ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నేను లారీ కాటా గుమాస్తాగా ఉండేవాణ్ణి. లారీని ముందు ఖాళీగా తూస్తాం, తర్వాత లోడుతో తూస్తాం. రెండింటి తేడా సరుకు బరువు. ఆ చీటీ లేనిదే లారీ గేటు దాటదు. కాటాకు ఇన్‌చార్జి దస్తగిరి సార్. పొడుగాటి మనిషి. ఆయన కుర్చీలో కూర్చోగా నేను చూసింది తక్కువ. కూర్చుంటే లారీ వెనక చక్రాలు కాటా మీద ఉన్నాయో లేదో కనబడవని ఎప్పుడూ కిటికీ దగ్గరే నిలబడేవారు. డ్రైవర్లు ఎంత అరిచినా ఆయన గొంతు పెరిగేది కాదు. అవతలివాళ్ళ గొంతే కాసేపటికి తగ్గేది.

మా పాత కంప్యూటర్‌లో నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు, అంతే. మౌస్ లేదు. ఏ మీట తర్వాత ఏ మీట నొక్కాలో నా వేళ్ళకు తెలుసు. ఆయుధపూజకు చల్లిన కుంకుమ మీటల సందుల్లో ఏడాది పొడుగునా ఉండేది. దాన్ని తీసేసి కిటికీలూ బొమ్మలూ ఉన్న కొత్త సిస్టమ్ పెట్టాలని పైనుంచి ఆదేశం వచ్చింది. కొత్త యంత్రం వచ్చి పాతదాని పక్కనే కూర్చుంది. నెలాఖరులోగా దాని మీద పని చేయలేకపోతే ఈ కుర్చీ ఇంకొకరికిచ్చి, నన్ను ప్యాకింగ్ సెక్షన్‌కు పంపుతానని మేనేజరు చెప్పారు. ప్యాకింగ్‌లో సిమెంటు పొడి మంచులా పడుతుంది. నాకు అప్పటికే ఆయాసం. దుమ్ములో పని వద్దని డాక్టరు గట్టిగా చెప్పి ఉన్నాడు. కాబట్టి ఆ కుర్చీ పోవడమంటే నాకు ఊపిరి పోవడమే.

అంత తెలిసీ కొత్తదాన్ని ముట్టుకోలేదు. పాత యంత్రం నన్నెప్పుడూ ఏమీ అడిగేది కాదు. కొత్తది ప్రతి పనికీ తెర మీద ఒక డబ్బా చూపించి, చేయమంటావా, వద్దా అని అడిగేది. అది అడిగినప్పుడల్లా నేనేదో తప్పు చేసి పట్టుబడ్డట్టు అనిపించి, చెయ్యి వెనక్కి తీసుకునేవాణ్ణి.

“ఏమప్పా సుబ్బయ్యా, ఈ పొద్దన్నా ముట్టుకుంటావా?” అనేవారు సార్.

“ఈ పొద్దు అమావాస్య సార్. పోనీండి.”

“మొన్న మంగళవారమంటివి. అంతకు ముందు వర్జ్యమంటివి. నీ దెబ్బకు నాకు పంచాంగం వచ్చేసిందప్పా. మంచి దినాలు వస్తాండాయి, పోతాండాయి. నువ్వే రాకపోతివి.”

ఒకరోజు ప్యాకింగ్ మిషన్ల మరమ్మతని లోడింగ్ ఆపేశారు. లారీలు లేవు. సార్ బయటికి వెళ్ళి, ఫ్యాక్టరీకి నీళ్ళు తోలే ఓబులేసును పిలిచి, ట్యాంకరు తగిలించిన ట్రాక్టరును కాటా ఎక్కించమన్నారు. తర్వాత నా దగ్గరికొచ్చారు.

“ఈ పొద్దు నీ పని తప్పులు చేసేదే. ఒక్కటి సరిగ్గా చేస్తివో, నీకు టీ ల్యా.”

నాకు అర్థం కాలేదు. కానీ తప్పు చేయమన్నాక భయపడడానికి కారణం దొరకలేదు. నీళ్ళు నిండిన ట్యాంకరును కొత్త కంప్యూటర్‌లో ఖాళీ బండిగా ఎక్కించాను. ఓబులేసు నీళ్ళు చెట్లకు వదిలేసి వస్తే, దాన్ని లోడు బండిగా తూచాను. సరుకు బరువు సున్నా కంటే తక్కువ చూపించింది. ఓబులేసు కిటికీలోంచి తొంగిచూసి అడిగాడు.

“ఏమన్నా, నీ లెక్కన నా బండి గాలికి లేసిపోతాదే! తాడేసి కట్టుకోనా?”

“కట్టుకో, కట్టుకో. సుబ్బయ్య చీటీ ఇచ్చినాడంటే ఇచ్చినట్టే,” అన్నారు సార్. తర్వాత నాతో, “ఇప్పుడు రద్దు చేయి. యాడుందో నువ్వే ఎతుక్కో,” అన్నారు.

వెతికాను. దొరికింది. మళ్ళీ ఆ డబ్బా వచ్చి అడిగింది. నొక్కాను.

“ఏమాయ?”

“ఏం కాలేదు సార్.”

“మరి ఇన్ని దినాలు దేనికప్పా కాలయాపన?”

మధ్యాహ్నం దాకా తప్పులే చేశాను. ఏదో లారీ నంబరు మీద ఆ ట్రాక్టరును తూచాను, లోడు తూచకుండానే చీటీ తీశాను. ఒకసారి పొరపాటున సరిగ్గా చేశాను. అందువల్ల టీ ఆలస్యమైంది.

ఆ శుక్రవారం పాత యంత్రాన్ని తీసేశారు. లారీలు రోడ్డు దాకా నిలిచాయి. వేళ కాగానే సార్ జేబులోంచి టోపీ తీశారు.

“నేను నమాజుకు పోతాండా.”

“సార్, ఈ ఒక్క పొద్దూ ఉండండి.”

“నేనుంటే పనిని చూడవు, నన్ను చూస్తావు,” అని వెళ్ళిపోయారు.

ఆయన గేటు దాటారో లేదో, నేను ముందు లారీ నంబరు మీద వెనక లారీ లోడు ఎక్కించేశాను. కాటా మీదున్న ఆత్మకూరు డ్రైవరు హారన్ కొట్టాడు.

“ఏం సామీ, మిషన్ కొత్తదా, నువ్వు కొత్తోనివా?”

“ఇద్దరమూ కొత్తోళ్ళమే. ఉండప్పా,” అన్నాను.

ఆ తప్పు నాకు పరిచయమే. ట్రాక్టరు మీద చేసి ఉన్నాను. రద్దు చేసి, నంబరు మార్చి, చీటీ తీసిచ్చాను. సార్ తిరిగొచ్చేసరికి వరస కదులుతోంది. నా పక్కన ఒక నిమిషం నిలబడి, “బాగుండాది,” అని కిటికీ దగ్గరికి వెళ్ళిపోయారు. నెలాఖరున మేనేజరు ప్యాకింగ్ సెక్షన్ మాట ఎత్తలేదు. రిటైరయ్యేదాకా ఆ కుర్చీ నాదే.

సార్ రిటైరయ్యాక కడపలో దర్గా దగ్గరి సందులో ఉండేవారు. నేనూ రిటైరై కడపకే వచ్చాక అప్పుడప్పుడు వెళ్ళేవాణ్ణి. ఒకసారి టీ తాగుతూ అడిగాను, ఆ కొత్త సిస్టమ్ మీకెవరు నేర్పారని.

“నాకు అది రానే రాదప్పా,” అన్నారు. “ఒక్క పొద్దు గూడా ముట్టుకోల్యా.”

“మరి స్క్రీను చూసి బాగుండాదంటిరి కదా?”

“స్క్రీను నేను యాడ చూస్తి? నీ మొహం చూస్తి. తప్పు పోతే నీ మొహం నల్లబడతాది. ఆ పొద్దు నల్లబడల్యా.”

“ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదా సార్?”

“నాకే రాదంటే నువ్వు కూర్చుంటావా?” అని నవ్వారు.

ఇప్పుడు ఆయన లేరు. టీ తాగివచ్చిన ఆ సాయంత్రం డైరీలో ఆ మాటలు రాసుకున్నాను కానీ, కింద నా అభిప్రాయమేమీ రాయలేదు. తెలిసినవాళ్ళే నేర్పగలరని అంతవరకూ అనుకునేవాణ్ణి. ఇప్పుడలా అనుకోవడం లేదు.

ఈ మధ్య మా కోడలు కారు నేర్చుకుంటోంది. డ్రైవింగ్ స్కూలు క్లాసులు అయిపోయినా ఇంకా భయమే. ఖాళీ మైదానానికి వెళ్తూ, “పక్కన కూర్చోండి మామా,” అంది. నాకు కారు నడపడం రాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. వెళ్ళి కూర్చున్నాను. బండి రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి కదిలింది. నేను మైదానం వైపు చూడలేదు, ఆమె మొహం చూశాను.